గురువు ఆజ్ఞ, ఓటరు హక్కు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఫలానా వారికే ఓటు వేయాలని మతపెద్దలు ఆదేశించడం, వేదికల మీద ఇతర మతాల వారిని ఉద్దేశించి రెచ్చగొట్టేలా మాట్లాడటం నల్లగొండ, పాలమూరు పల్లెల దాకా వచ్చేసిందని పాఠకులు బాధపడుతున్నారు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా దీనికే కేటాయించాను. ఒకరు స్వామీజీ గురించి, ఒకరు మౌలానా గురించి, ఇంకొకరు పాస్టర్ గురించి రాశారు. వారి పేర్లు గానీ, ఉత్తరాలు రాసినవారి పేర్లు గానీ ఇక్కడ ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మాది దేవరకొండ ప్రాంతంలోని ఒక పల్లె. ఇరవై ఏళ్ల కిందట మా కుటుంబం ఒక పీఠాధిపతి దగ్గర ఉపదేశం తీసుకుంది. అమ్మాయి పెళ్లి ముహూర్తం నుంచి చెలకలో బోరు వేసే చోటు వరకు ఆయనను అడగకుండా మేము ఏ పనీ చేయలేదు. ఎన్నికల ముందు గుడి మండపంలో ప్రవచనం చెబుతూ ఆయన ఒక అభ్యర్థి పేరు ప్రకటించి, అందరి చేత చేతులెత్తించి ప్రమాణం చేయించారు. మాట తప్పిన వాళ్ల ఇంట్లో దీపం నిలవదన్నారు. ఈమధ్య మరో సభలో, ఒక మతం వారి దుకాణాల్లో సరుకు కొనవద్దనీ, వాళ్లను ఊళ్లో ఉండనివ్వడమే మన తప్పనీ మాట్లాడారు. మా వీధి చివర నలభై ఏళ్లుగా కుట్టుమిషను మీద బతుకుతున్న దర్జీ ఆ మాటలను మైకులో విన్నాడు. పోలీసులకు ఫిర్యాదు చేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. గురువు మీద ఫిర్యాదు చేస్తే మహాపాపమని నా భార్య ఏడుస్తోంది. నేను ఏం చేయాలి?

జవాబు: మాస్టారు గారూ, మీ స్వామి మాట్లాడినవి రెండు వేర్వేరు విషయాలు. ఒకటి మీ ఓటు గురించి, రెండవది మీ పొరుగువారి గురించి. చట్టం వీటిని విడివిడిగా చూస్తుంది కనుక మనమూ అలాగే చూద్దాం.

మతగురువుకు రాజకీయ అభిప్రాయం ఉండకూడదని మన చట్టంలో ఎక్కడా లేదు. ఆయనా ఓటరే. ఫలానా అభ్యర్థి మంచివాడని చెప్పవచ్చు, అతని తరఫున ప్రచారం కూడా చేయవచ్చు. ఎక్కడ ఆగాలన్నది మాత్రం సుప్రీంకోర్టు 1959లోనే, రామ్ దయాళ్‌కూ సంత్ లాల్‌కూ మధ్య నడిచిన కేసులో తేల్చి చెప్పింది. 1957 ఎన్నికల్లో అప్పటి పంజాబ్‌లోని సిర్సా నియోజకవర్గంలో నామధారీ సిక్కుల గురువు ఒక అభ్యర్థికి ఓటు వేయవలసిందని తన అనుచరులకు ఫర్మానా ఇచ్చారు. గురువు తన అభిప్రాయం చెప్పుకోవడం వేరు, కాదంటే దైవాగ్రహానికి గురవుతామన్న భయం భక్తుడిలో కలిగించి అతనికి ఎంచుకునే వీలే లేకుండా చేయడం వేరు అని కోర్టు స్పష్టం చేసింది. ఆ ఎన్నిక చెల్లలేదు.

ఈ తీర్పు వెనుక ఉన్న ఆలోచన నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. సర్పంచి వచ్చి ఓటు అడిగితే మీరు ఊ కొట్టి పంపించి, తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు వేయగలరు. రచ్చబండ మీద ఎవరైనా గట్టిగా వాదిస్తే మీరూ అంతే గట్టిగా వాదించగలరు. కానీ బోరు వేసే చోటు కూడా ఎవరిని అడిగి నిర్ణయించుకున్నారో, ఆయన చేతులెత్తమంటే మీరు పదిమందిలో ఎత్తకుండా ఉండగలరా? ఆయన మాట మీకు సలహాగా వినిపించదు, ఆజ్ఞగానే వినిపిస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయనను ఆ మండపానికి పిలిపించిన వారికి ఇంకా బాగా తెలుసు. ఇరవై ఏళ్లుగా మీరు పెంచుకున్న భక్తిని ఒక్క సాయంత్రంలో ఇంకొకరి గెలుపు కోసం వాడుకున్నారు. మీకు జరిగిన అన్యాయం ఇదేనని నేను అనుకుంటున్నాను.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 123వ సెక్షన్ రెండవ ఉపవిభాగం ఈ పనినే అనుచిత ప్రభావం అంటుంది. మాట వినకపోతే దేవుడి కోపానికి గురవుతావని గానీ, కులం నుంచి వెలివేస్తామని గానీ ఓటరును నమ్మించడం అందులో పేరు పెట్టి చెప్పిన ఎన్నికల అక్రమం. అది అభ్యర్థి లేదా అతని ఎన్నికల ఏజెంటు సమ్మతితో జరిగిందని రుజువైతే ఎన్నికే రద్దవుతుంది. అయితే అభ్యర్థి ఎన్నికైన తేదీ నుంచి 45 రోజుల్లోగా ఆ ఎన్నికను సవాలు చేసే పిటిషన్ హైకోర్టులో వేయాలి. మీ విషయంలో ఆ గడువు దాటిపోయింది. అభ్యర్థి సమ్మతితో పని లేకుండా, ఎవరు చేసినా శిక్షించదగిన నేరంగా భారతీయ న్యాయ సంహితలోని 171, 174 సెక్షన్లు దీన్ని పరిగణిస్తాయి. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1కి ముందు జరిగిన వాటికి పాత భారత శిక్షాస్మృతి వర్తిస్తుంది, కానీ ఈ విషయంలో రెండింటి సారమూ ఒకటే.

గుడి మండపం సంగతి చాలామందికి తెలియదు. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం 1988 నుంచి అమల్లో ఉంది. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా, మఠం, ఏదైనా సరే, దాని ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు గానీ, వర్గాల మధ్య ద్వేషం పెంచడానికి గానీ వాడరాదని, వాడనివ్వరాదని ఆ చట్టం చెబుతుంది. బాధ్యులకు ఐదేళ్ల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ప్రసంగించిన వారితో పాటు సంస్థను నిర్వహించే వారూ జవాబుదారులు. అంటే మండపం తాళం తీసిన ధర్మకర్తలు కూడా దీని నుంచి తప్పించుకోలేరు. మీ ఊరి ఆలయ కమిటీలో ఈ ఒక్క విషయం ముందే తెలిసినవారు ఉండి ఉంటే ఆ రోజు ప్రవచనం ప్రవచనంగానే ముగిసేదేమో.

ఇక రెండవ ప్రసంగం. మతం పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచే మాటలకు న్యాయ సంహితలోని 196వ సెక్షన్ వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు, ప్రార్థనా స్థలంలో మాట్లాడితే ఐదేళ్ల వరకు. పాత శిక్షాస్మృతిలో ఇది 153-ఎ. ఒక మతాన్ని లేదా మత విశ్వాసాలను బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడం 299వ సెక్షన్ కిందికి వస్తుంది. పాత 295-ఎ ఇదే, 1927 నుంచి ఉంది. అయితే కటువైన మాట ప్రతిదీ నేరం కాదు. మాటల ప్రభావాన్ని నిబ్బరం, వివేకం ఉన్న మనుషుల కొలతతో చూడాలి తప్ప ప్రతి మాటకూ బెదిరిపోయే వారి కొలతతో కాదని నాగపూర్ హైకోర్టు ఎప్పుడో చెప్పిన సూత్రాన్ని సుప్రీంకోర్టు 2025 మార్చిలో కూడా గుర్తుచేసింది. ఆ కొలతతో చూసినా, వేల మంది ముందు మైకులో ఒక మతం వారి దగ్గర కొనవద్దనడం, వారు ఊళ్లో ఉండటమే తప్పనడం తేలిగ్గా తీసుకోదగిన మాటలు కావని నా అభిప్రాయం. అక్కడ ఒక సిద్ధాంతం మీద విమర్శ లేదు, ఒక దేవుడి గురించి చర్చ లేదు. మీ దర్జీ తినే అన్నం మీదికి వెళ్లిన మాట అది.

ఫిర్యాదు చేయదలిస్తే సంఘటన తేదీ, స్థలం, పలికిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాసి స్టేషన్‌లో ఇవ్వండి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో కేసు నమోదుకు ముందు 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపే వీలు, కేసుల విధానాన్ని నిర్దేశించే నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ పోలీసులకు ఇస్తోంది. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

మీ శ్రీమతి గారి కన్నీటిని నేను తేలిగ్గా తీసుకోలేను. గురుద్రోహం అన్న మాట మన ఇళ్లలో ఎంత బరువైనదో నాకు తెలుసు. ఆమెకు ఒక్క విషయం గుర్తుచేయండి. యుద్ధభూమిలో అర్జునుడికి అంతా బోధించిన తర్వాత కృష్ణుడు చివరికి అన్నది, దీన్నంతా చక్కగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని. బోధించినవాడు భగవంతుడే అయినా నిర్ణయం శిష్యుడికే వదిలాడు. కాబట్టి ముందు మీరిద్దరూ కలిసి స్వామి దగ్గరకు వెళ్లండి, వెళ్లలేకపోతే ఉత్తరం రాయండి. మీ మాటల వల్ల మా ఊళ్లో ఒక కుటుంబం భయంతో ఉంది, మీరు మళ్లీ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ మాటను వెనక్కి తీసుకోవాలి అని అడగండి. ఇరవై ఏళ్ల శిష్యులకు ఆ అధికారం ఉంది. ఆయన జవాబును బట్టి మీ అబ్బాయి చెప్పిన దారిలో వెళ్లాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది. ఈలోగా, ఈ పత్రిక చేతికందిన రోజునే ఆ దర్జీ దగ్గరకు వెళ్లి కాసేపు కూర్చోండి. మీరు ఆ సభలో ఉన్నారని అతనికి తెలిసే ఉంటుంది.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఒక మతం నాయకులు ఏం మాట్లాడినా కేసులు పెడతారనీ, మరో మతం వాళ్లను ఏమీ అనరనీ మా కాలేజీలో రెండు వర్గాల విద్యార్థులూ అంటారు. ఇద్దరూ ఒకే మాట ఎదుటివారి గురించి చెప్పడం నాకు వింతగా ఉంది. నిజంగా చట్టం అందరికీ ఒకటేనా?

జవాబు: అమ్మా, చట్టం మాటల్లో ఒకటే. అమలులో తేడాలు ఉన్నాయి, ఆ తేడాలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే మీ కాలేజీలో జరిగే వాదన కొంత తేటపడుతుంది.

ద్వేష ప్రసంగాల మీద ఎవరూ ఫిర్యాదు ఇవ్వకపోయినా పోలీసులే స్వయంగా కేసు నమోదు చేయాలని, మాట్లాడినవారి మతమేమిటో చూడరాదని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 21న ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పోలీసులను ఆదేశించింది. 2023 ఏప్రిల్‌లో ఆ ఆదేశాన్ని అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. అంటే మన పోలీసులకూ ఆ బాధ్యత ఉంది. అయితే కేసు నమోదు కావడం మొదటి మెట్టు మాత్రమే. శత్రుత్వం పెంచే నేరం, మత విశ్వాసాలను అవమానించే నేరం విషయంలో ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు కేసును విచారణకు స్వీకరించలేదు. వ్యక్తుల మీద కక్షతో కేసులు పెట్టకుండా ఉండేందుకు ఏర్పరచిన రక్షణ ఇది. కానీ అనుమతి ఇవ్వవలసింది అధికారంలో ఉన్నవారే కనుక, వారికి దగ్గరివారి ఫైలు కదలకపోవడం, దూరపువారి ఫైలు పరుగెత్తడం సాధ్యమవుతుంది. పక్షపాతం గురించి మీ మిత్రులు రెండు వైపుల నుంచీ చేస్తున్న ఆరోపణకు అసలు మూలం ఇక్కడ ఉంది. ఈ అనుమతి ఇచ్చే పని ప్రభుత్వం చేతిలో కాకుండా స్వతంత్ర అధికారి చేతిలో ఉంటే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండవది ఆలస్యం. 1987 డిసెంబర్‌లో ముంబైలోని విలే పార్లే ఉప ఎన్నికలో చేసిన ప్రసంగాల మీద సుప్రీంకోర్టు తీర్పు 1995 డిసెంబర్‌లో వచ్చింది. ఆ ప్రసంగాలు చేసిన బాల్ ఠాక్రేకు ఓటు హక్కు లేకుండా ఆరేళ్ల నిషేధం 1999లో గానీ అమలు కాలేదు. ఆయన మతగురువు కాదు, రాజకీయ నాయకుడు. కానీ మతం పేరుతో ఓటు అడిగిన ప్రసంగానికి శిక్ష పడిన పెద్ద ఉదాహరణ అదే. 1990లో శాంతాక్రజ్ నుంచి గెలిచిన అభిరామ్ సింగ్ ఎన్నిక మీద మొదలైన వివాదంలో, మతం పేరుతో ఓటు అడగడం అంటే ఏమిటో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 జనవరి 2న చెప్పింది. అభ్యర్థి మతం పేరుతోనే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని నలుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. ముగ్గురు విభేదించారు. తమ మతం, కులం కారణంగా అన్యాయానికి గురైనవారు ఆ అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడకుండా నోరు కట్టేయకూడదన్నది వారి ఆందోళన. మెజారిటీ తీర్పే చట్టం అయినా, ఆ ముగ్గురి మాటను కూడా మీరు చదవాలని నా కోరిక. మా బస్తీకి శ్మశానానికి చోటు లేదని ఒక పాస్టర్ అభ్యర్థులను నిలదీస్తే అది హక్కు కోసం మాట్లాడటం. మనవాడు కాని వాడికి ఓటు వేస్తే నువ్వు క్రైస్తవుడివే కావని ఆయనే అంటే అది వేరే సంగతి.

మన రాష్ట్రంలో జరిగినది కూడా ఒకటి చెప్పాలి. 2018 జూలైలో కాకినాడ శ్రీపీఠానికి చెందిన పరిపూర్ణానంద స్వామిని, ఆయన పాత ప్రసంగాలను కారణంగా చూపి హైదరాబాద్ పోలీసులు ఆరు నెలల పాటు నగరం నుంచి బహిష్కరించారు. రామాయణం గురించి మాట్లాడిన సినీ విమర్శకుడు కత్తి మహేష్‌ను కూడా అంతకు రెండు రోజుల ముందే అలాగే పంపించారు. స్వామి మీద ఇచ్చిన ఉత్తర్వులను ఆగస్టులో హైకోర్టు నిలిపివేసింది. అక్టోబర్‌లో ఆయన భారతీయ జనతా పార్టీలో చేరారు. ఇద్దరి మాటలతోనూ నాకు భేదాభిప్రాయాలు ఉన్నాయి, అయినా మనిషిని ఊరి నుంచి వెళ్లగొట్టే ఆ పద్ధతి నాకు నచ్చలేదు. మాట నేరమైతే సాక్ష్యంతో కోర్టులో నిలబెట్టాలి. విచారణ లేకుండా పంపించివేస్తే ఆ మాట నేరమో కాదో ఎప్పటికీ తేలదు, మాట్లాడినవారికి మాత్రం బాధితుడన్న పేరు మిగులుతుంది.

మీ కాలేజీ మిత్రులను ఒక పని చేయమనండి. తమను బాధించిన ప్రసంగం నుంచి నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి, అందులో మతం పేరు ఉన్నచోట తమ మతం పేరు పెట్టి ఒకసారి, ఎదుటివారి మతం పేరు పెట్టి ఒకసారి చదవమనండి. రెండుసార్లూ ఒకేలా అనిపిస్తే వారి కోపం న్యాయమైనది.

ప్రశ్న: సన్యాసులు, మౌల్వీలు, ఫాదర్లు రాజకీయాల జోలికి అసలు రాకూడదని చట్టం చేస్తే ఈ గొడవే ఉండదు కదా? (సూర్యాపేట నుంచి ఒక వ్యాపారి)

జవాబు: అలాంటి చట్టం ఉండి ఉంటే హైదరాబాద్ సంస్థానంలో స్వామి రామానంద తీర్థ ఏమయ్యేవారు? ఆయన కాషాయం కట్టిన సన్యాసి. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌కు నాయకత్వం వహించి నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించారు, జైలుకు వెళ్లారు. స్వాతంత్ర్యం తర్వాత 1952లో గుల్బర్గా నుంచి, 1957లో ఔరంగాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే కాలంలో రజాకార్లను నడిపిన ఖాసిం రజ్వీ మతగురువు కాదు, లాతూరులో వకీలు. మతం పేరుతో ఆయన చేసిన ప్రసంగాలకు మూల్యం చెల్లించినవి నల్లగొండ జిల్లా పల్లెలు. భారతదేశంలో విలీనం కావాలని రాసినందుకు ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో చంపారు. ఎదురు నిలిచి ప్రాణం ఇచ్చిన ఆయన కూడా ముస్లిమే. కాబట్టి మనిషి కట్టిన బట్టను చూసి నిషేధం పెట్టలేం. నోటి నుంచి వచ్చిన మాటనే చూడాలి.

మరో విషయం కూడా మీ దృష్టికి తేవాలి. రజాకార్ల దౌర్జన్యం చూసి నాలుగేళ్లయినా గడవక ముందే, 1952లో హుజూర్‌నగర్ ఓటర్లు కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్‌ను తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. మీ జిల్లాలోనే జరిగింది ఇది. పగ పెంచుకోవడానికి అంతకంటే పెద్ద కారణం ఎవరికి ఉంటుంది? అయినా వారు మనిషి పేరు చూడలేదు, తమ భూమి కోసం, తమ కూలి కోసం నిలబడింది ఎవరో చూశారు.

మతపెద్ద మాట చెబితే ఓట్లన్నీ గంపగుత్తగా పడతాయన్నది కూడా సగం నమ్మకమే. ఢిల్లీ జామా మసీదు షాహీ ఇమామ్ అహ్మద్ బుఖారీ 2004 ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి, 2014లో కాంగ్రెస్‌కు ఓటు వేయాలని పిలుపునిచ్చారు. 2004లో బీజేపీ అధికారం కోల్పోయింది, 2014లో కాంగ్రెస్ 44 స్థానాలకు పడిపోయింది. ఓటరుకు తన బుద్ధి ఉంటుంది. నష్టం ఓట్ల లెక్కలో కంటే ఎక్కువగా వేరేచోట జరుగుతుంది. పిలుపునిచ్చిన మరునాటి నుంచి ఆ సమాజంలోని ప్రతి ఒక్కరినీ ఎదుటివారు ఒక పార్టీ మనిషిగా చూడటం మొదలుపెడతారు. పెద్దలను వెతుక్కుంటూ వెళ్లి కాళ్లు మొక్కే నాయకులకు ఎన్నిక తర్వాత ఆ సంగతి గుర్తుండదు. పక్కపక్కన దుకాణాలు నడుపుకునే మీలాంటివారికే అది ప్రతిరోజూ ఎదురవుతుంది.

ప్రశ్న: మా వాట్సాప్ గ్రూపులో ఒక మతపెద్ద ప్రసంగం ముక్క వచ్చింది. నేను గ్రూపు అడ్మిన్‌ను. నా మీద కేసు పడుతుందా? (వనపర్తి)

జవాబు: ఇతరులు పెట్టిన దానికి, మీ ప్రమేయం లేనప్పుడు, అడ్మిన్ అయినంత మాత్రాన మీరు నేరస్తులు కారని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అవి వేరే తరహా కేసులు, సూత్రం మాత్రం ఇక్కడా పనికొస్తుంది. కానీ మీరే దాన్ని ఇంకొక గ్రూపుకు పంపితే ఆ పని మీది. ఖండించడానికే పంపానని తర్వాత చెప్పుకున్నా, చూసిన వందమందిలో ఆ ఖండన ఎంతమంది చదివారన్న ప్రశ్న వస్తుంది. ఫిర్యాదు చేసే ఉద్దేశం ఉంటే ముక్కను పక్కన పెట్టి, ప్రసంగం మొత్తం ఉన్న వీడియోను సంపాదించండి. ముందూ వెనుకా కత్తిరించిన నలభై సెకన్లతో అన్యాయంగా బద్నాం అయినవారూ ఉన్నారు. రికార్డు చేసిన ఫోనును జాగ్రత్తగా ఉంచండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో అయితే సీ-విజిల్ యాప్ ద్వారా ఫొటో, వీడియో పంపితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న గడువు.

ప్రశ్న: మాది నారాయణపేట వైపు పల్లె. మా ఊళ్లో ముస్లింల ఇళ్లు నాలుగే. పీర్ల పండుగ ఊరంతా చేస్తుంది. మా తాత, మా నాయన పీరు ఎత్తారు, ఇప్పుడు నేను ఎత్తుతున్నాను. మేము హిందువులం. పోయిన ఏడాది పట్నం నుంచి వచ్చిన ఒక మౌలానా, పీర్లు ఎత్తడం, గుండం చుట్టూ ఆడటం ఇస్లాం కాదని ఆ నాలుగు ఇళ్ల వాళ్లకు చెప్పిపోయారు. ఆ తర్వాత నెల తిరగకముందే ఒక స్వామి వచ్చి, హిందువులు పీర్లకు మొక్కడం ధర్మద్రోహమని మాకు చెప్పారు. ఇద్దరి మీదా కేసు పెట్టవచ్చా?

జవాబు: పెట్టలేరు, పెట్టకూడదు కూడా. మన మతం ఏమి చెబుతుందో, ఏది ఆచారమో ఏది కాదో తన వారికి బోధించే హక్కు రాజ్యాంగంలోని 25వ అధికరణం ఆ ఇద్దరికీ ఇచ్చింది. వారి మాట మీకూ నాకూ ఎంత బాధ కలిగించినా అది బోధనే. ఎవరైనా వచ్చి చావిడికి తాళం వేస్తే, పీరును తీసి పారేస్తే, ఎత్తినవారిని వెలివేస్తామని బెదిరిస్తే అది నేరం. ప్రార్థనా స్థలాన్ని అపవిత్రం చేయడం, శాంతియుతంగా జరుగుతున్న మత కార్యక్రమాన్ని భంగపరచడం న్యాయ సంహితలోని 298, 300 సెక్షన్ల కిందికి వస్తాయి. ఈ తేడాను మనం నిక్కచ్చిగా పాటించాలి. మనకు నచ్చని బోధనను ఈ రోజు నేరమంటే, రేపు మన ఆచారాన్నే ఇంకొకరు నేరమంటారు.

కేసు పెట్టలేమని చెప్పి ఊరుకోవడం నాకూ కష్టంగానే ఉంది. బయటి నుంచి వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్లిపోయేవారికి మీ ఊరి పీర్ల చావిడి ఒక పుస్తకంలోని తప్పొప్పుల సమస్యగా కనిపిస్తుంది. మీకు అది మీ నాయన భుజం. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందూ కుటుంబాలు ఎంత పెద్ద సంఖ్యలో వెళతాయో పాలకవీడు వైపు వారిని అడిగితే చెబుతారు. నల్లగొండ జిల్లాలో సైదులు, సైదమ్మ అన్న పేర్లు ఎన్ని హిందువుల ఇళ్లలో ఉన్నాయో లెక్క లేదు. మొక్కు తీరితే బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నారు, ఏ ధర్మకర్తనూ ఏ ముజావర్‌నూ అనుమతి అడగలేదు. ఇన్ని తరాలుగా సాగిన ఈ కలగలుపును ఎవరూ ప్రసంగాలతో నిర్మించలేదు. ఒక్క ప్రసంగంతో అది కూలదు కూడా, కానీ ఒక ప్రసంగం విన్న తర్వాత ఊళ్లో రెండు వైపులా మౌనం పాటిస్తే మాత్రం మెల్లగా కూలుతుంది. నాలుగు ఇళ్ల వారు ఇక హిందువులు రారేమోనని చావిడి తెరవరు, మీరేమో వారికే ఇష్టం లేదేమోనని అడగరు. ఆ ఏడాది పీరు లేవదు, మరుసటి ఏడాదికి ఎందుకు లేవలేదో పిల్లలకు తెలియదు. ఇలా ఆగిపోయిన చావిళ్లను పాలమూరు పల్లెల్లో నేను చూశాను. ఒక్కచోట కూడా గొడవ జరగలేదు, కేసు లేదు, ఎవరూ ఎవరినీ అడగలేదు అంతే.

మౌలానా మాట నమ్మి ఆ నాలుగు ఇళ్లలో ఎవరైనా ఇకపై పాల్గొనబోమంటే వారిని బలవంతం చేయకండి, అది వారి మనస్సాక్షికి సంబంధించినది. కానీ ముందుగా అడగండి. ఈసారి నెలవంక కనబడటానికి పది రోజుల ముందే మీరూ, ముజావరూ, సర్పంచీ కలిసి చావిడి అరుగు మీద కూర్చోండి. గోడలకు సున్నం ఎవరు వేయించాలి, గుండానికి కట్టెలు ఏ ఇంటి నుంచి రావాలి, మాలీద ముద్దలు ఎవరు చేయాలి అన్నవి ఎప్పటిలాగే మాట్లాడుకోండి. మీ నాయన ఎత్తిన పీరుకు ఈ ఏడాది కొత్త దట్టీ ఎవరు కడతారో కూడా అక్కడే తేల్చుకోండి.